చిటికెడు పిండి ముద్ద

మా బేకరీ గోడకి ఒక గడియారం ఉంది. అది మామయ్య కోసం. మా అత్త దాని వైపు చూడగా నేనెప్పుడూ చూడలేదు. పిండి ఎంత నానిందో, ఎంత పులిసిందో, ఉప్పు సరిపోయిందో లేదో ఆమెకి నాలుకే చెప్పేది. కలిపిన ప్రతి ముద్ద నుంచి గోరంత పిండి గిల్లి, రెండు వేళ్ల మధ్య ఉండలా నలిపి, నాలుక చివర పెట్టుకునేది. ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. తల ఊపిందంటే ట్రే బట్టీలోకి వెళ్లాలి. ఊపలేదంటే పిండి మళ్లీ తడిగుడ్డ కిందకి వెళ్లాలి. ఆ తల ఊపు కోసం మామయ్య పొడవాటి చెక్క గరిట పట్టుకుని బట్టీ ముందు కాపలా ఉండేవాడు.

ఈ పద్ధతి ఆమెకి వాళ్ల అత్తగారు నేర్పారు. బేకరీ మొదలుపెట్టింది ఆవిడే. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మా అత్త ఒకసారి ఉప్పు వేయకుండానే బన్నులు కాల్చేసిందట. అవి వీధంతా తిరిగి మళ్లీ మా గడపకే వచ్చాయట. అప్పుడు ఆ పెద్దావిడ తిట్టలేదు. ఒక ఉండ చేసి కోడలి నోట్లో పెట్టి, "కళ్లకి అబద్ధం చెప్పొచ్చు, చేతులకి చెప్పొచ్చు, నాలుకకి మాత్రం చెప్పలేవమ్మా" అన్నదట. అప్పటి నుంచి మా అత్త చేసిన బన్ను ఒక్కటి కూడా గడప దాకా తిరిగి రాలేదు. వీధిలో అందరూ ఆమెని 'బన్నులమ్మ' అనే పిలుస్తారు. అసలు పేరు మామయ్యకైనా గుర్తుందో లేదో.

మామయ్యకి కూడా ఒక పేరుంది, రేడియో. పొద్దున్న బట్టీ వెలిగించినప్పుడు మొదలుపెడితే షట్టరు దించేదాకా ఆగడు. నేను చదువు మధ్యలో ఆపేసి వీళ్ల దగ్గరకి వచ్చినప్పుడు నన్ను చూసి, "మన ఇంట్లో ఒకటి బెల్లం కొట్టిన రాయి, ఒకటి గొంతు నొక్కినా ఆగని రేడియో. నీకింక ఏం లోటే?" అన్నాడు అత్తతో. రాయిని నేను. నాకు కౌంటరు అప్పజెప్పారు. కౌంటరు వెనక గోడలో ట్రేలు అందుకోవడానికి ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే పిండి బల్ల ముందు అత్త కనబడుతుంది. కొనేవాళ్లు లేనప్పుడు నాకు అదే సినిమా.

అత్తకి ఒంట్లో బాగాలేదని మాకందరికీ తెలిసింది ఒక ఉంగరం వల్ల.

పక్క షాపు టైలరు బాబాయి ఒక రోజు పొద్దున్నే చెంప పట్టుకుని వచ్చాడు. రెండో చేతిలో సగం కొరికిన బన్ను ఉంది. "బన్నులమ్మా, లోపల బహుమతులు పెడుతున్నట్టు ముందే చెప్పుంటే మెల్లగా కొరికేవాణ్ని కదా!" అని బన్నులోంచి బంగారపు ఉంగరం లాగి బల్ల మీద పెట్టాడు. అది అత్త పెళ్లి ఉంగరం. వేలి నుంచి జారిపోయిన సంగతి ఆమెకే తెలియదు.

అందరం పగలబడి నవ్వాం. మామయ్య అయితే, "ఇంకా నయం, గాజు కాదు" అన్నాడు. ఆ ఉంగరాన్ని మళ్లీ తొడగబోయి మాత్రం నవ్వు ఆపేశాడు. అది అత్త వేలి మీద నిలవడం లేదు. బొటనవేలికి పెడితే తప్ప ఆగలేదు.

చాలాకాలంగా ఆమెకి కడుపు ఉబ్బరం. మైదా బస్తా పక్కన నిలబడి ఆయాసపడేది. "బట్టీ వేడికి ఎవరైనా ఎండిపోతారు" అని తనే సర్దిచెప్పుకునేది. రక్తం తక్కువగా ఉందని ఇచ్చిన మాత్రలన్నీ మింగింది. మాత్రలు అయిపోయాయి గానీ రక్తం పెరగలేదు. చివరికి డాక్టరమ్మ వేరే రక్తపరీక్ష ఒకటి రాసింది. తర్వాత గొట్టం వేసి చిన్నపేగు లోపల కూడా చూశారు. ఫలితం వచ్చిన రోజు అత్త నన్ను కూడా తీసుకెళ్లింది, మామయ్య మాటల మధ్య డాక్టరమ్మ మాట వినబడకపోతే నేనైనా వింటానని.

"దీన్ని సీలియాక్ అంటారమ్మా" అంది డాక్టరమ్మ. "గోధుమలో గ్లూటెన్ అని ఒక పదార్థం ఉంటుంది. పిండిని సాగేలా చేసేది అదే. అది మీ ఒంటికి శత్రువులా కనబడుతోంది. దానితో కొట్లాడబోయి మీ ఒళ్లు మీ పేగునే దెబ్బతీసుకుంటోంది. పేగు లోపల తువ్వాలు మీద ఉండే నూగు లాంటిది ఉంటుంది. తిన్నదాంట్లో సారం పీల్చుకునేది అదే. మీకది అరిగిపోయింది. అందుకే ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు."

"మరి మందు?" అంది అత్త.

"గోధుమ మానడమే మందు. బార్లీ, రై అనే ధాన్యాలు కూడా. కొంచెం కూడా వద్దు, జీవితాంతం. మిగతావన్నీ తినొచ్చు. అన్నం, మొక్కజొన్న, దుంపలు, గుడ్లు, పళ్లు, కూరలు. నూగు మళ్లీ మొలుస్తుంది."

అంతసేపూ నోరు తెరుచుకుని విన్న మామయ్యకి అప్పుడు మాటలొచ్చాయి. "డాక్టరమ్మా, మాది బేకరీ అండీ! చేపని పట్టుకుని నీళ్లు పడవంటే ఎట్లాగండీ?"

"తినకూడదన్నాను, చేయకూడదు అనలేదు. చర్మానికి తగిలితే ఏమీ కాదు. కడుపులోకి పోకూడదు, అంతే. పిండి దుమ్ము నోట్లోకి పోతుంది కాబట్టి మాస్కు పెట్టుకోవాలి. బస్తాలు దులపడం ఇంకెవరైనా చేయాలి."

"నేను దులుపుతా. ఇవాళ్టి నుంచి నేనూ గోధుమ మానేస్తున్నా. తనకి విషమైంది నాకు మాత్రం అమృతమా?"

డాక్టరమ్మ నవ్వేసింది. "మీకు విషం కాదండీ. ఈ జబ్బు లేనివాళ్లు మానితే వచ్చే లాభం లేదు. ఆమె తోడబుట్టినవాళ్లు మాత్రం ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది. అదీ గోధుమ తింటూనే చేయించుకోవాలి. ముందే మానేస్తే పరీక్షకి జబ్బు దొరకదు."

అత్త తోడబుట్టినవాడు కాబట్టి మా నాన్న చేయించుకున్నాడు. లేదని వచ్చింది. మామయ్య మాత్రం మాట వినకుండా గోధుమ మానేశాడు. సంగతి సాయంత్రానికల్లా వీధికంతా చేరవేశాడు. మర్నాటి నుంచి మా వీధి చూడాలి! బన్నులమ్మకే బన్ను పడలేదంటే ఇక మనమెంత అని సగం మంది గోధుమ మానేశారు. టైలరు బాబాయి గ్లూటెన్ లేదని రాసిన బిస్కెట్ పొట్లాలు ఎక్కడి నుంచో తెచ్చుకుని, ఆరోగ్యం కోసమని పొద్దుటికొకటి సాయంత్రానికొకటి ఖాళీ చేసేవాడు. కొన్నాళ్లకి ఆయన కుట్టుకున్న ప్యాంటు ఆయనకే పట్టలేదు.

"కొలత తప్పు తీశావా బాబాయ్?" అంది అత్త.

"కొలత సరిగ్గానే ఉందమ్మా. మనిషే మారాడు."

"మరి ఆ పొట్లంలో గోధుమ లేకపోతే ఏంటి, ఉన్నదంతా చక్కెరేగా! ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది నీ పని. ఎలుక కూడా మా ఇంట్లోది. నీకెందుకు? కడుపులో బాధగా ఉంటే పరీక్ష చేయించుకో. లేకపోతే బన్ను తిను."

మామయ్య నాలుగు పూటలు తట్టుకున్నాడేమో. ఆ తర్వాత ఒకసారి బట్టీ వెనక్కి వెళ్లి వచ్చినప్పుడు ఆయన మీసాలకి బన్ను ముక్కలున్నాయి. అత్త చూసి కూడా తిట్టలేదు. తన కొంగుతో తుడిచి, "వెన్న కూడా రాసుకోవాల్సింది" అంది.

అత్త మాత్రం గట్టిగా పట్టింది. ఇంట్లో తనకి విడిగా గిన్నె, విడిగా చాకు, కూరగాయలు కోసుకునే పలక కూడా విడిగా పెట్టుకుంది. కేకు ముక్కలు కళ్ల ముందు నుంచి వెళ్తున్నా అటు చూసేది కాదు. అయినా ఉంగరం బొటనవేలికే ఉండిపోయింది. ఆయాసం తగ్గలేదు. మళ్లీ రక్తపరీక్ష చేస్తే, తగ్గాల్సిన అంకె ఉన్నచోటే ఉంది.

"ఎక్కడి నుంచో కడుపులోకి పోతూనే ఉంది" అంది డాక్టరమ్మ. ఈసారి నవ్వలేదు. "ఇంట్లో జాగ్రత్తగానే ఉన్నారంటున్నారు. అయితే బేకరీ గాలే అనుకోవాలి. ఇంకొకసారి చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే మీరు ఆ పని మానుకోవాల్సి వస్తుందమ్మా."

దారిలో మామయ్య మాట్లాడలేదు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అత్తే అంది: "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. పని మానేస్తే ఈ చేతులు పెట్టుకుని నేనేం చేయాలి? దిండ్లు పిసకనా?"

ఆ రాత్రి ఇద్దరూ మాట్లాడుకుని, వచ్చే పరీక్షలో కూడా తగ్గకపోతే బట్టీ ఆర్పేయాలని అనుకున్నారు. అత్త లేకుండా బేకరీ నడపగలనని మామయ్య ఒక్కసారి కూడా అనలేదు. ఆయనకి అంత అబద్ధం చేతకాదు.

మర్నాడు బేకరీని యుద్ధానికి సిద్ధం చేసినట్టు చేశారు. మైదా బస్తాలు విప్పడం, జల్లించడం మామయ్య పెరటి గదిలోకి మార్చాడు. అక్కడి నుంచి పైనుంచి కింద దాకా తెల్లగా వచ్చేసరికి కౌంటరు ముందున్న పాప భయపడి ఏడ్చింది. అత్తకి మాస్కు తెచ్చారు గానీ, పిండి కలిపేంతసేపు ఉంచుకుని, ముద్ద కలవగానే గడ్డం కిందకి లాగేసేది. అది ఊపిరాడక అనుకున్నాం అందరం. మామయ్య నన్ను పిలిచి, "నువ్వెలాగూ మాట్లాడవు. కనీసం చూస్తూ ఉండు. అత్త ఏం తింటోందో, ఏం తాగుతోందో, దేనికి చేయి తగులుతోందో చూడు" అన్నాడు.

చూడడం నాకు చేతనైన పనే. అత్త మంచినీళ్ల గ్లాసు చూశాను, మూత పెట్టే ఉంది. భోజనం డబ్బా చూశాను, దాని నిండా అన్నం, కూర. తినే ముందు చేతులు రెండుసార్లు కడుక్కోవడం చూశాను. ఎక్కడా తప్పు లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతుకుతున్నామని నాకప్పుడు తెలియదు.

ఒక మధ్యాహ్నం కౌంటరు ముందు ఎవరూ లేరు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. లోపల ఎండ ఏటవాలుగా పిండి బల్ల మీద పడింది. ఆ వెలుగులో అత్త మాస్కు దించి, పెదాల దగ్గర వేలు పెట్టుకుని నా వైపు తిరిగింది. నన్ను మాట్లాడొద్దంటోందనుకున్నాను. నేనెప్పుడు మాట్లాడాను గనక, ఇంత నెమ్మదస్తురాలిని ఊరుకోమనడమేంటి అని నవ్వొచ్చింది. మరుక్షణం ఆమె వేలు దించి, కళ్లు మూసుకుని, తల ఊపింది. మామయ్య ట్రే ఎత్తాడు.

 కొన్నేళ్లుగా రోజూ చూస్తున్నదే. గోడ గడియారం చప్పుడు ఎలా వినబడదో, ఆ చిటికెడు పిండి అలాగే మాకెవరికీ కనబడలేదు. అత్తకి కూడా.

నేను కిటికీలోంచి తల లోపలికి పెట్టాను.  దగ్గాను.

"ఏమే, చిల్లర కావాలా?" అంది అత్త.

"అత్తా... నోట్లో ఏముంది?"

"నోట్లో ఏముంటుంది? నాలుక."

"నాలుక మీద?"

ఆమె ఏదో అనబోయి ఆగింది. దవడ కదల్లేదు. నెమ్మదిగా నాలుక బయటపెట్టింది. దాని మీద బియ్యపుగింజంత తెల్లటి ఉండ ఉంది.

మామయ్య చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది.  ఆయనే మొదలుపెట్టాడు. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! గాలిని అనుమానించాం, చాకుని అనుమానించాం, పాపం ఆ ఉప్పు డబ్బాని కూడా మార్చేశాను కదే!"

"ఇది తినడం ఎట్లా అవుతుందండీ?" అంది అత్త, నాలుక కడుక్కుని వచ్చి. నిజంగానే ఆశ్చర్యపోతోంది. "రుచి చూడడం కదా! తినడమంటే పళ్లెం పెట్టుకోవాలి, కూర్చోవాలి. ఇదేదో... చూడడం. కళ్లతో చూసినట్టు."

ఇదే మాట ఆమె డాక్టరమ్మకి ఫోనులో చెప్పింది. అవతలి నుంచి నవ్వు మాక్కూడా వినబడింది. "ఆ తేడా మీ పేగుకి తెలియదమ్మా! రోజుకి ఎన్ని ముద్దలు కలుపుతారు? ప్రతి ముద్దకీ ఒక ఉండంటే తక్కువేం కాదు. ఇంక మీ బట్టీ మీద నాకు కోపం లేదు. ముందు ఆ చెయ్యి నోటి దాకా రాకుండా చూసుకోండి."

చెయ్యిని ఆపడం చెప్పినంత తేలిక కాలేదు. అది అత్త మాట వినేది కాదు. మాస్కు దించకూడదని మామయ్య ఆజ్ఞ. చెయ్యి మాత్రం తన దారిన తను పిండి గిల్లేది, ఉండ చేసేది, పైకి లేచేది, మాస్కుకి తగిలి ఆగేది. సాయంత్రానికి మాస్కు మీద సరిగ్గా నోరున్నచోట ఎండిన పిండి చుక్కలు వరసగా అంటుకుని ఉండేవి. మామయ్య రోజూ వాటిని చూసి, "ఇవాళ దొంగ ఇన్నిసార్లు వచ్చి తలుపు తాళం చూసి పోయాడన్నమాట" అనేవాడు.

నాలుక లేకపోయేసరికి పిండి తిరగబడింది. ఒక రోజు బన్నుల్లో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంకో రోజు బ్రెడ్డు పులిసిపోయి అచ్చుల్లోంచి పొర్లి బట్టీ గోడకి అతుక్కుంది. మళ్లీ బన్ను మొదలుపెట్టిన టైలరు బాబాయి, "ఇంతకంటే ఉంగరం ఉన్నదే బాగుంది" అన్నాడు. మామయ్యని రుచి చూడమంటే అన్నీ బాగున్నాయనేవాడు. అత్త చేసింది ఏదైనా ఆయనకి బాగుంటుంది. ఆ నాలుక పనికి రాదు.

అప్పుడు అత్త కిటికీలోంచి నా వైపు చూసింది. "ఇటు రావే. నోరు తెరు."

నాలుక మీద ఉండ పెట్టింది. "కళ్లు మూసుకో. ఎట్లా ఉంది?"

"బాగుంది."

"మీ మామయ్య కూతురివా? బాగుందంటే నాకేం తెలుస్తుంది? ఉప్పు ముందొచ్చిందా, వెనకొచ్చిందా? పులుపు ఎక్కడ తగిలింది?"

నాకు తెలుస్తూనే ఉంది, చెప్పడమే రావడం లేదు. తల దించుకున్నాను. అత్త వదల్లేదు. పిండి గుడ్డ కింద పెట్టి, నన్ను పక్కన నిలబెట్టుకుని, కాసేపటికోసారి ఉండ నోట్లో పెట్టింది. చివరికి నేను, "నాలుక పక్కన... గిల్లినట్టుంది" అన్నాను.

"గట్టిగా గిల్లిందా, ముద్దుగా గిల్లిందా?"

"ముద్దుగా."

"అయితే ఇంకా ఆగాలి. కోపంగా గిల్లాలి."

ఇంకాసేపటికి, "ఇప్పుడు కోపమొచ్చిందత్తా!" అని అరిచాను. ఎప్పటి అలవాటో, అత్త కళ్లు మూసుకుని తల ఊపింది. మామయ్య ట్రే తోశాడు. ఆ రోజు బ్రెడ్డు అచ్చు తీయగానే అత్త దాని వీపు మీద వేలితో తట్టి వింది. డొల్లగా, సరిగ్గా మోగింది. నన్నేమీ మెచ్చుకోలేదు. అంచు ముక్క కోసి నాకిచ్చి, నేను తింటుంటే నా ముఖం వంకే చూస్తూ కూర్చుంది. తను తిన్నంత తృప్తి ఆమె ముఖంలో.

ఆ తర్వాత అత్తకి తెలియకుండానే కొత్త విద్యలు పట్టుబడ్డాయి. పిండి వాసన పీల్చి సగం చెప్పేస్తుంది. వేలితో నొక్కి, గుంట ఎంత మెల్లగా పూడుతుందో చూసి ఇంకో పావు చెబుతుంది. మిగతా పావుకి నన్ను పిలుస్తుంది.

ఈ మధ్యే ఒకావిడ వచ్చి, "మీకే ఆ జబ్బు ఉందట కదా, గ్లూటెన్ లేని బ్రెడ్డు మీరే చేయొచ్చుగా. అందరూ కొంటారు" అంది. అత్త ఆమెకి కౌంటరు అద్దం మీద వేలితో గీత గీసి చూపించింది. వేలు తెల్లగా వచ్చింది. "ఇక్కడ గాలిలోనే పిండి ఉందమ్మా. ఇక్కడ కాల్చి అందులో లేదని చెబితే, నాలాంటిదే ఎవరో నమ్మి తింటుంది. ఆ పాపం నాకొద్దు. మీకు నిజంగా పడదా?" పడదని ఎవరూ చెప్పలేదట, మానితే మంచిదని ఎక్కడో విన్నదట. అత్త ఆమెని పరీక్షకి పంపి, "లేదని వస్తే వేడి బన్నుకి రండి" అంది. వారం తిరక్కుండానే ఆవిడ బన్నుకి వచ్చింది.

అత్త పరీక్ష రోజు కూడా వచ్చింది. ఆ వేళ మామయ్యా అత్తా వెళ్లారు, నేను కౌంటరులో ఉన్నాను. తిరిగి వస్తుంటే వీధి మలుపు దగ్గరే రేడియో వినబడింది. అంటే మంచి వార్తే. అంకె సగానికి పైగా దిగిందట. పేగు కోలుకుంటోందట. పని మానక్కర్లేదని డాక్టరమ్మ నోటితోనే అన్నదట. "బట్టీ ఆర్పక్కర్లేదే!" అని మామయ్య నా ముందు రెండు చేతులూ గాల్లోకి లేపాడు. టైలరు బాబాయి టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చాడు.

అత్త బొటనవేలి ఉంగరం తీసి ఉంగరపు వేలికి తొడుక్కుంది. చెయ్యి కిందకి వేలాడేసి విదిల్చింది. ఉంగరం కదిలింది గానీ ఊడలేదు.

"ఇంకాస్త ఒళ్లు రావాలి" అంది. ఉంగరం తీసి, పిండిలో పడకుండా మేకుకి తగిలించింది. మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి చెయ్యి మళ్లీ మాస్కు దాకా వెళ్లి ఆగడం కిటికీలోంచి చూశాను. ఆ ఉండని వేళ్ల మధ్యే పట్టుకుని కేకేసింది:

"ఏమే, నా నాలుకా! ఎక్కడ చచ్చావ్? పిండి పొంగిపోతోంది!"

"వస్తున్నానత్తా!" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియదు. టైలరు బాబాయి ఉలిక్కిపడి, "ఈ పిల్లకి గొంతు కూడా ఉందా!" అన్నాడు. అప్పటికే నేను నోరు తెరుచుకుని అత్త ముందు నిలబడి ఉన్నాను.